నా దగ్గర చదువుకున్న అమ్మాయిని పెళ్లి చేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 31. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ అధ్యాపకుణ్ణి. ఇంటర్‌లో నా దగ్గర చదివిన అమ్మాయికి ఇప్పుడు 23 ఏళ్లు, ఉద్యోగం చేస్తోంది. పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. గురువు తండ్రితో సమానమనీ, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెడతాననీ వాళ్ల నాన్నగారు అంటున్నారు. చట్టం ఏమంటుంది?

జవాబు: మీరిద్దరూ మేజర్లు కనుక ఈ పెళ్లికి చట్టం అడ్డు చెప్పదు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 ప్రకారం వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి, నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. ఆ బంధుత్వాల పట్టికలో గురుశిష్యుల ప్రస్తావన ఎక్కడా లేదు. మేజరైన వ్యక్తికి జీవిత భాగస్వామిని ఎంచుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2018లో హాదియా కేసులో స్పష్టం చేసింది.

అయితే పోక్సో మాటను తేలిగ్గా తీసుకోకండి. ఆ చట్టం ఇవాళ్టి వయసును చూడదు, అప్పటి వయసును చూస్తుంది. ఆమెకు 18 నిండకముందే మీరు లైంగిక ఉద్దేశంతో ప్రవర్తించారని తేలితే, ఆమె ఇష్టపడిందన్న వాదన నిలవదు. విద్యాసంస్థ సిబ్బంది చేసిన లైంగిక దాడిని ఆ చట్టం మరింత తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది, తర్వాత పెళ్లాడితే మాఫీ అన్న నిబంధన అందులో లేదు. అందుకే ఆమె పదో తరగతి మెమోలోని పుట్టిన తేదీని ఎదురుగా పెట్టుకుని, మీ పాత వాట్సాప్ సందేశాల తేదీలను సరిచూసుకోండి. రాత్రి పదకొండింటికి 'డౌట్ ఉంది సార్' అని వచ్చిన సందేశానికి లెక్క చెప్పి ఊరుకున్నారా, ఇంకేమైనా రాశారా అన్నది మీకే తెలుసు. రాసి ఉంటే దేన్నీ చెరపకుండా, ఏదీ దాచకుండా, ముందుగా ఒక క్రిమినల్ న్యాయవాదిని కలవండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మీ ఉత్తరంలో ఆమె అభిప్రాయం ఆమె మాటల్లో ఒక్కచోటా లేదు. రెండేళ్లు 'సార్' అని పిలిచి, మార్కుల కోసం మీ వైపు చూసిన మనిషికి, ఆ సార్‌తోనే 'వద్దు' అనడం ఎంత కష్టమో అధ్యాపకుడిగా మీరు ఊహించగలరు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో, ఆదాయంతో సంబంధం లేకుండా, మహిళలకు ఉచిత సలహా దొరుకుతుంది. మీరు పక్కన లేకుండా ఆమెను ఒక్కదాన్నే అక్కడికి వెళ్లనివ్వండి.

ఆ తర్వాతా ఆమె నిర్ణయం ఇదే అయితే, మీలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వండి. మరో 30 రోజుల గడువు దాటాక ముగ్గురు సాక్షులతో పెళ్లి జరుగుతుంది. ఈలోగా బెదిరింపులు వస్తే రక్షణ కోరుతూ ఎస్పీ గారికి ఇచ్చే అర్జీపై ఆమె కూడా సంతకం చేయాలి.