నీళ్లు వచ్చిపోయాక కూడా నిలిచే చిన్న ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఏటి ఒడ్డున ఉండే కూలి కుటుంబాలకు 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఇళ్లు కట్టించాలనుకుంటున్నాం. మట్టి దిబ్బ ఎంత ఎత్తు వేయాలి? పక్కనే గొయ్యి తీసి ఆ మట్టే పోయవచ్చా?

జవాబు: ముందు పాత వరద గుర్తు పట్టుకోండి. చెట్ల మొదళ్ల మీద, గోడల మీద మిగిలిన మరకలు చూడండి. వయసు మళ్లినవాళ్లను విడివిడిగా అడగండి. కనీసం మూడు చోట్ల దొరికిన గుర్తులను నీళ్ల గొట్టంతో లెవెల్ పట్టి స్థలం దగ్గరికి తెచ్చుకోండి. వాటిలో అన్నిటికన్నా పైదాని మీద అడుగున్నర కలిపితే మీ దిబ్బ ఎత్తు. అది 5 అడుగులు దాటితే దిబ్బ ఆలోచన మానుకుని రాటల మీద ఇల్లు లేపడం మేలు.

అసలు తప్పు మట్టి లెక్క దగ్గరే జరుగుతుంది. ఇంటి చుట్టూ 3 అడుగుల నడవ వదిలితే దిబ్బ పైభాగం 26 × 16 అడుగులు. ఎత్తు 3 అడుగులు అనుకుంటే చాలామంది ఈ మూడూ గుణించి 1,248 ఘనపుటడుగులు చాలంటారు. వాలు లెక్కలోకి రాలేదు. ఒక అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు ఇస్తే అడుగుభాగం 38 × 28 అవుతుంది, మట్టి దాదాపు 2,150 పడుతుంది. తవ్వి తెచ్చే వదులు మట్టి ఇంకో పాతిక శాతం ఎక్కువ, అంటే సుమారు 2,700. సగం పనిలో మట్టి అయిపోతే వాలు నిటారుగా చెక్కేస్తారు. అలాంటి దిబ్బ వరద ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. నీరు చకచకా దిగిపోయేటప్పుడు లోపల నానిన మట్టికి బయటి నీటి ఆసరా పోయి, అంచు మూలతో సహా జారిపోతుంది. పక్కనే గొయ్యి ఉంటే ఆ జారుడుకు దారి మనమే తీసినట్టు. గొయ్యి దిబ్బ అడుగు అంచుకు కనీసం 15 అడుగుల దూరంలో తీయండి.

పోసే ముందు వేళ్లున్న పైమట్టి అరడుగు మందం తీసేయాలి. తర్వాత 6 అంగుళాల పొరలుగా పోసి, పొరపొరకూ దిమ్మిసతో కొట్టాలి. తడి సరిపోయిందా అంటే, మట్టి ముద్ద పిడికిట్లో నిలవాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. చితికి అతుక్కుపోతే తడి ఎక్కువ, పొడిగా చెదిరిపోతే తక్కువ. వాలు మీద వట్టివేరు వరసలుగా నాటండి. వానలు మొదలయ్యేలోగా అది వేరు పట్టాలి.

ప్రశ్న: ఇంట్లోకి నీరు రాకుండా తలుపులు, సందులు గట్టిగా మూసే ఏర్పాటు చేయాలా?

జవాబు: చిన్న ఇంటికి అది ప్రమాదం. బయట 3 అడుగుల నీరుండి లోపల పొడిగా ఉంటే, 10 అడుగుల గోడ మీద పడే తోపుడు సుమారు 1,270 కిలోలు. సన్నటి గోడ ఆ బరువు ఆపలేదు. మీ జాగ్రత్తే గోడను ఇంట్లోవాళ్ల మీద పడేస్తుంది. నీరు నేల దాటి వస్తే లోపలికి రానిచ్చి రెండువైపులా మట్టం సమానం కానివ్వాలి. చదరపు అడుగు నేలకు ఒక చదరపు అంగుళం చొప్పున తూములు పెట్టండి. మీ 200 చదరపు అడుగులకు 10 × 5 అంగుళాల తూములు నాలుగు సరిపోతాయి. అవి కనీసం రెండు గోడల్లో ఉండాలి, తూము అడుగు అంచు నేలకు ఒక అడుగు ఎత్తులోపే ఉండాలి. పాములకు భయపడి సన్నటి వల బిగిస్తే చెత్త పట్టి మూసుకుపోతుంది. అర అంగుళం కన్నుల వల వేసి, వరదకు ముందు శుభ్రం చేయండి. మనుషులకు, గింజలకు, కాగితాలకు మాత్రం గట్టి అటక, దానికో నిచ్చెన, పైకప్పులోంచి బయటపడే దారి తప్పనిసరి. ఖర్చు కలిసిరాలేదని దీన్ని దయచేసి తీసేయకండి.

ప్రశ్న: మట్టి ఇటుకల్లో సున్నం కలపాలా, సిమెంటా?

జవాబు: మీ మట్టే చెబుతుంది. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి వదలండి. నిమిషంలో ఇసుక, రెండు గంటల్లో ఒండ్రు అడుగున చేరతాయి. మర్నాటికి పైన బంకమట్టి పేరుకుంటుంది. బంక మూడోవంతుకు దగ్గరగా ఉంటే సున్నం, ఇసుక ఎక్కువైతే సిమెంటు. రెండింటిలో ఏదైనా బరువులో 6 నుంచి 8 శాతంతో మొదలుపెట్టండి. సున్నం కలిపిన మట్టిని ఒక రోజు కప్పి ఉంచితే మెత్తబడి బాగా కలుస్తుంది. సిమెంటు కలిపింది గంటలోపు అచ్చులో పడాలి. ఇటుకలను 28 రోజులు నీడలో, గోనెల కింద చెమ్మగా ఉంచాక ఒకటి తీసి బకెట్ నీళ్లలో 24 గంటలు ముంచండి. అంచు గోరుతో గీస్తే రాలితే పాళ్లు మార్చాలి. పాకిస్తాన్‌లో 2010 వరదల తర్వాత ఆర్కిటెక్ట్ యాస్మీన్ లారీ వెదురు, మట్టి, సున్నంతో కట్టించిన ఇళ్లకు బలం ఈ సున్నమే.

ప్రశ్న: మందు పట్టించిన వెదురు రాటలు కూడా అడుగున కుళ్లుతున్నాయి. మందు తప్పా?

జవాబు: మందు కాదు, పాతడం తప్పు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ పురుగును ఆపుతాయి కానీ నీళ్లలో కరిగిపోతాయి. తడి నేలలో పాతిన రాట నుంచి ఆ మందు మెల్లగా మట్టిలోకి వెళ్లిపోతుంది. రాటను నేలకు అడుగున్నర ఎత్తు కాంక్రీటు దిమ్మె మీద నిలపండి. దిమ్మెలోంచి లేచిన 12 మిల్లీమీటర్ల కడ్డీని రాట కింది రెండు కణుపుల గుండా ఎక్కించి, ఆ బోలులో సిమెంటు ముద్ద నింపి, అడ్డంగా బోల్టు బిగించండి. బోల్టు మానకండి, ఎందుకంటే వెదురు తేలుతుంది. కట్టు వదిలితే ఇల్లు నీటితో పాటు లేస్తుంది. చూరు రెండడుగులు ముందుకు ఉంటే రాటల మీద వాన పడదు. ఏరు ఒడ్డును కోసుకుపోయే చోటైతే విప్పి మోసుకెళ్లే ఇల్లే నయం. బంగ్లాదేశ్ ఇసుక లంకల్లో ఆర్కిటెక్ట్ మరీనా తబస్సుమ్ రూపొందించిన ‘ఖుది బారి’ (చిన్న ఇల్లు) అలాంటిదే: వెదురు రాటలు, ఉక్కు కీళ్లు, వరదకు పైకెక్కే రెండో అంతస్తు.

ప్రశ్న: కరెంటు?

జవాబు: వైర్లు కప్పు నుంచి కిందికి దిగాలి, నేల నుంచి పైకి రాకూడదు. స్విచ్చులు, మీటరు వరద గుర్తుకు పైన ఉండాలి. మెయిన్ ఆపే మీట మెడలోతు నీళ్లలోకి దిగకుండానే అందాలి.

ప్రశ్న: నీరు దిగిన వారానికే సిమెంటు పూత వేయించాం. రెండు నెలల్లో పెచ్చులూడింది. ఎందుకు?

జవాబు: గోడ లోపల తడి ఇంకా ఉంది. సిమెంటు పూత దాన్ని బయటికి రానివ్వదు. ఆ తడి ఉప్పును వెంటబెట్టుకుని పూత వెనక పేరుకుని తోసేస్తుంది. పాత పూతను వరద గీతకు ఒక అడుగు పైదాకా కొట్టేయండి. తలుపులు, తూములు తెరిచి గాలాడనివ్వండి. తర్వాత ఒక అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, 24 గంటలకు తీసి చూడండి. లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. పొడిగా ఉంటే పూత వేయవచ్చు, అదీ సున్నం పూతే.