పార్క్‌స్ట్రీట్ భోజనం ఎవరి పద్దు?

ప్రశ్న: మాది గంజాం జిల్లా బరంపురం. అన్నయ్య, నేను చెరి సగం వాటాతో బట్టల దుకాణం నడుపుతున్నాం. ఏడాదికి 90 లక్షల దాకా అమ్మకాలుంటాయి. రిటర్ను ఆదాయపు పన్ను చట్టం 44ఏడీ సెక్షను కింద వేస్తున్నాం. సరుకు కోసం ఏడాదికి నాలుగుసార్లు కోల్‌కతా బడాబజారుకు నేనే వెళ్తాను. పోయినసారి నాలుగు రోజులకు 16,400 రూపాయలైంది. విక్టోరియా మెమోరియల్ చూడటం, పార్క్‌స్ట్రీట్‌లో భోజనం, ఇంటికి తెచ్చిన మిఠాయిలు, బొమ్మలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఎలాగూ పన్ను తగ్గుతుంది కదా అని మొత్తం దుకాణం ఖర్చుగా రాశాను. అన్నయ్య లెక్క చూసి "వెళ్లింది వ్యాపారానికా, విహారానికా?" అన్నాడు. అప్పటినుంచి మా మధ్య మాటలు తగ్గాయి. నేను చేసింది తప్పా? వచ్చేసారి నా భార్యను కూడా తీసుకెళ్లాలని ఉంది. ఖర్చు ఎలా సర్దుకోవాలి?

జవాబు: మీరు ప్రశ్నతోపాటు పంపిన ఖర్చుల చీటీని ముందు పెట్టుకుని రాస్తున్నాను. రాను పోను రైలు 2,100. మూడు రాత్రులకు గది 4,500. మూటలు మోయించి రవాణా ఆఫీసుకు చేర్చడానికి 2,300. ఊళ్లో తిరగడానికి 900, రోజువారీ భోజనాలు 1,800. ఇవన్నీ కలిపి 11,600. వీటిలో దేన్నీ మీ అన్నయ్య కాదనరు, అనలేరు. సరుకు కోసం వెళ్లిన మనిషి రైలెక్కాలి, పడుకోవాలి, తినాలి. మిగిలింది 4,800. గొడవంతా దాని దగ్గరే.

ముందు పన్ను సంగతి చెబుతాను, ఎందుకంటే మీ లెక్క అక్కడే తప్పింది. 44ఏడీ కింద రిటర్ను వేసేవారు అమ్మకాల్లో కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన మేరకు 6 శాతం లాభంగా చూపించి దానిమీద పన్ను కడతారు. ఖర్చులన్నీ అప్పటికే తీసేసినట్టు చట్టం లెక్కిస్తుంది. కాబట్టి మీరు కోల్‌కతాలో 5,000 ఖర్చు చేసినా 50,000 ఖర్చు చేసినా ఈ పద్ధతిలో మీ పన్ను ఒక్క రూపాయి తగ్గదు. గది బిల్లుమీద దుకాణం జీఎస్టీ నంబరు రాయించుకున్నా కలిసివచ్చేది లేదు. రోజుకు 7,500 లోపు అద్దె ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమే గానీ, అది హోటలున్న పశ్చిమ బెంగాల్ ఖాతాలో పడే పన్ను గనుక ఒడిశాలో నమోదైన మీ దుకాణం దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేదు.

పూర్తి లెక్కలు రాసి అసలు లాభం మీద పన్ను కట్టే సంస్థలకైనా నియమం ఒకటే: పూర్తిగా వ్యాపారం కోసం చేసిన ఖర్చే ఖర్చు, సొంతానికి చేసింది కాదు. విక్టోరియా మెమోరియల్ టికెట్టు అందులోకి రాదు.

అంటే మీరు రాసిన ఆ పద్దు వల్ల ప్రభుత్వానికి పోయింది ఏమీ లేదు. పోయిందంతా మీ అన్నయ్యకే. చెరి సగం వాటా గనుక మీరు దుకాణం మీద వేసిన ప్రతి వంద రూపాయల సొంత ఖర్చులో యాభై ఆయన జేబులోంచి వెళ్తుంది. ఆయన కోపం విహారం మీద కాదని నా నమ్మకం. తనను అడగకుండా తన యాభై రూపాయలు వెళ్లిపోయాయని ఆయన బాధ.

ఇప్పుడు ఆ 4,800 విడదీద్దాం. పార్క్‌స్ట్రీట్ భోజనం 2,100. ఆ రాత్రి మీతో కూర్చున్నది మీకు చీరలు సరఫరా చేసే వ్యాపారి అనీ, బాకీ గడువు 30 రోజుల నుంచి 45 రోజులకు పెంచడానికి ఒప్పుకున్నది అక్కడే అనీ నాకు విడిగా రాశారు. అయితే అది నిస్సందేహంగా దుకాణం ఖర్చే. పదిహేను రోజుల అదనపు గడువు విలువ ఆ భోజనం కంటే ఎక్కువ. కానీ మీ చీటీలో "భోజనం 2,100" అని మాత్రమే ఉంది. బిల్లు వెనకాల ఆ వ్యాపారి పేరు, తేదీ, మాట్లాడుకున్న విషయం ఒక్క వాక్యంలో రాసి ఉంటే మీ అన్నయ్య ఆ ప్రశ్న వేసేవారే కాదు. మిగిలిన 2,700, అంటే చూడటానికి అయిన 800, మిఠాయిలకూ బొమ్మలకూ అయిన 1,900 మీ సొంతం. దాన్ని సొంత వాడకాల కింద మీ ఖాతాలో రాయించండి. ఇకముందువి మాత్రమే కాదు, పోయినసారిది కూడా మార్చండి. మీ అన్నయ్య అడగకముందే మార్చండి.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. శనివారం సాయంత్రానికి కొనుగోలు ముగిసిపోయి, ఆదివారం నగరం చూడటం కోసమే ఆగి ఉంటే, శనివారం రాత్రి గది అద్దె 1,500 కూడా మీదే. సరుకు కట్టించడం మిగిలిపోయి ఆగితే దుకాణానిది. ఏది నిజమో మీకు తెలుసు.

మీరు నగరం చూడటం మానేయాలని నేను అనడం లేదు. దయచేసి మానేయకండి. మా నాన్నగారు పర్లాకిమిడిలో ఇత్తడి సామాను దుకాణం నడిపారు. సరుకు కోసం చాలా ఏళ్లు కోల్‌కతా వెళ్లారు. ఆయన చెప్పిన కోల్‌కతాలో బిల్లు పుస్తకాలు, గోనెసంచుల వాసన, హౌరా స్టేషన్ కూలీల కేకలు తప్ప ఏమీ ఉండేవి కావు. 1814లో మొదలైన ఇండియన్ మ్యూజియం గుమ్మం ముందు నుంచే వెళ్లేవారట. లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి చేయవలసింది మానడం కాదు, విడిగా డబ్బు పెట్టుకోవడం. సొంత ఖర్చు ఒక్కో ప్రయాణానికి 2,700 చొప్పున నాలుగింటికి 10,800. మీ భార్యను ఏడాదికి ఒకసారి తీసుకెళ్తే ఆమె రైలు ఛార్జీ 2,100, భోజనాలకు 1,200 కలుపుకోండి. మొత్తం 14,100. గదికి ఇద్దరున్నా అదే అద్దె అయితే దాన్ని విడదీయనక్కరలేదు. అదనపు మంచం వేయించుకుంటే మాత్రం ఆ డబ్బు మీదే. బ్యాంకులో ఏడాది కాలానికి నెలకు 1,200 చొప్పున రికరింగ్ డిపాజిట్ తెరవండి. 14,400 అసలు, దానిమీద వడ్డీ. దుకాణం గల్లాపెట్టె జోలికి వెళ్లే అవసరమే రాదు.

రోజువారీ భోజనానికి బిల్లులు పోగుచేసే బదులు బత్తా పెట్టుకోండి. పోయినసారి మీకు రోజుకు 450 అయింది. 600 అని అన్నయ్యా మీరూ కలిసి నిర్ణయించి కాగితం మీద రాసి సంతకాలు చేయండి. ఎవరు వెళ్లినా అంతే, మిగిల్చుకున్నది వెళ్లినవారిది. బడాబజారు చుట్టుపక్కల పైస్ హోటళ్లు అని పాతకాలపు భోజనశాలలు ఉన్నాయి. అన్నం, పప్పు, చేపల పులుసు, దేని ధర దానిదే. కొన్నిచోట్ల అరిటాకుకూ నిమ్మచెక్కకూ కూడా విడిగా లెక్క కడతారు. మధ్యాహ్నం అక్కడ కడుపునిండా తిన్నా బత్తాలో సగం మిగులుతుంది. ఆ డబ్బుతో రాత్రి ఏం తింటారో ఎవరూ అడగరు.

పెద్ద రెస్టారెంటుకు వెళ్తే బిల్లు అడుగుభాగం చదవండి. సర్వీస్ చార్జీ కట్టి తీరాలని ఏ హోటలూ బలవంతం చేయకూడదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. నేనొకసారి ఒక పెద్ద నగరంలో 186 రూపాయలు మారుమాట్లాడకుండా కట్టి బయటికొచ్చాను. మీరు తీసేయమని అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. నచ్చిన సర్వరుకు చేతిలో పెట్టే డబ్బు వేరు, అది మీ ఇష్టం.

తిరగడానికి ట్యాక్సీలు పెట్టుకోకండి. 2024 మార్చి నుంచి హౌరా స్టేషన్ దగ్గరే మెట్రో ఎక్కి, హుగ్లీ నది కింది సొరంగంలోంచి ఎస్ప్లనేడ్ చేరవచ్చు. అక్కడ మారితే తర్వాతి స్టేషనే పార్క్‌స్ట్రీట్, మ్యూజియం దానికి దగ్గర్లోనే. సాయంత్రం బాబూఘాట్ నుంచి హౌరాకు లాంచీలో రండి. 1943లో తెరిచిన హౌరా వంతెన మీద దీపాలు వెలిగే వేళకు నది మధ్యలో ఉంటారు. మీ భార్యకు ముందు అదే చూపించండి. టికెట్టు ధర కూడా చాలా తక్కువ.

ప్రయాణం రోజులు కూడా డబ్బే. టోకు బజారులో ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. సోమవారం మ్యూజియం, విక్టోరియా గ్యాలరీలు రెండూ సెలవు. అందుకని గురువారం దిగి, శనివారం లోపు కొనుగోలు ముగించి, ఆదివారం నగరం చూసి ఆ రాత్రి చెన్నై మెయిల్ ఎక్కితే సోమవారం ఉదయం బరంపురంలో ఉంటారు. ఆదివారం రాత్రి గది అక్కరలేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ రోజే చేయించుకోండి.

మిఠాయిల గురించి ఒక మాట. రసగుల్లాకు బెంగాల్‌కు 2017లో, మన ఒడిశాకు 2019లో విడివిడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసగుల్లా అక్కడినుంచి మోసుకురానక్కరలేదు. చలికాలంలో వెళ్తే కొత్త ఖర్జూరపు బెల్లంతో చేసిన సందేశ్ తెండి. పిల్లల బొమ్మలకంటే ముందు ఒక పెట్టె అన్నయ్యకూ వదినకూ మీ డబ్బుతో కొనండి.

ఈ నాలుగు ప్రయాణాల్లో ఒకటి మీ అన్నయ్యకు వదిలిపెట్టండి. మీరు దుకాణంలో కూర్చోండి, ఆయన అదే బత్తాతో వెళ్లి రానివ్వండి. బడాబజారులో మూటలు ఎత్తించి, మూడు అంతస్తుల మెట్లెక్కి బేరమాడి వచ్చాక ఆయన మీ పాత చీటీని మళ్లీ చదువుతారు.