తీర్పు వేరు, శిక్ష వేరు

సందేహం: మా సంఘ పత్రికకు వచ్చే వ్యాసాలను నేను దిద్దుతుంటాను. ఒక వ్యాసంలో ‘దేవుడు దయామయుడే కానీ తీర్పు తీరుస్తాడు’ అని ఉంది. దయ, తీర్పు పరస్పర విరుద్ధాలా? ‘తీర్పు తీర్చు’ పునరుక్తి కాదా? ‘నీతిమంతులుగా తీర్చు’, ‘నీతిమంతులని తీర్చు’ – వీటిలో ఏది సరైనది? ‘విమర్శదినము’ అనే మాటలో విమర్శకు ఏం పని?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: పునరుక్తి సంగతి ముందు తేల్చేద్దాం. ‘పాట పాడు’, ‘ఆట ఆడు’ ఎలాంటివో ‘తీర్పు తీర్చు’ కూడా అలాంటిదే. క్రియ నుంచి పుట్టిన నామం ఆ క్రియకే కర్మగా రావడం తెలుగుకు సహజం. ఇప్పటి కోర్టు వార్తల్లో తీర్పు ‘ఇచ్చారు’, ‘వెలువరించారు’ అని చదివి చదివి ‘తీర్చారు’ మనకు పాతగా వినిపిస్తోంది, అంతే. దాని జోలికి వెళ్లకండి.

అసలు చిక్కు ఆ ‘కానీ’లో ఉంది. రాసినవారి మనసులో తీర్పు అంటే శిక్ష. కానీ తెలుగులో ఆ రెండూ ఒకటి కావు. ‘తీరు’కు ప్రేరణార్థకం ‘తీర్చు’. అప్పు తీరుస్తాం, దాహం తీరుస్తాం, తగవు తీరుస్తాం. తెగకుండా ఉన్నదాన్ని ఒక కొలిక్కి తేవడం అన్నిటిలోనూ ఉంది. తగవు తీర్చేవాడు తీర్పరి. తీర్పు వచ్చాక ఒకరు జైలుకు వెళ్లవచ్చు, మరొకరు నిర్దోషిగా ఇంటికి వెళ్లవచ్చు. రెండూ తీర్పులే. దయకు ఎదురు నిలిచేది శిక్ష గానీ తీర్పు కాదు.

బైబిలు పాత అనువాదమే దీనికి సాక్ష్యం. లూకా 18వ అధ్యాయంలో ఒక విధవరాలు న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికీ వచ్చి ‘నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము’ అని అడుగుతుంది. తీర్పుకు ఆమె భయపడటం లేదు, దాని కోసమే అతడిని విసిగిస్తోంది. అన్యాయమైపోయిన మనిషికి తీర్పు దొరకడమే దయ. యెషయా 1:17లో ‘తండ్రిలేనివానికి న్యాయము తీర్చుడి’ అన్నదీ ఈ అర్థంలోనే. 96వ కీర్తనలోనైతే దేవుడు భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడని వనవృక్షాలు ఉత్సాహధ్వని చేస్తాయి. తీర్పు అంటే శిక్షే అయితే చెట్లకు అంత సంబరం ఎందుకు?

అలాగని మీ రచయితను పూర్తిగా తప్పు పట్టలేం. యోహాను 3:17లో దేవుడు కుమారుణ్ణి పంపింది లోకం రక్షణ పొందడానికే గాని ‘లోకమునకు తీర్పు తీర్చుటకు’ కాదని ఉంది. ఇక్కడ తీర్పు నేరస్థాపన వైపు ఒరిగింది. కొత్త నిబంధన మూలభాష గ్రీకులో తీర్పు తీర్చడాన్ని చెప్పే ‘క్రినో’ క్రియకే ఆ రెండు ఛాయలూ ఉన్నాయి. కచ్చితంగా ‘దోషి అని తేల్చి శిక్ష విధించడం’ అనే అర్థానికి అనువాదకులు వేరే మాట పెట్టుకున్నారు: ‘శిక్షావిధి’. రోమా 8:1లో క్రీస్తుయేసునందున్నవారికి లేదన్నది శిక్షావిధి. తీర్పు లేదని అక్కడ అనలేదు. క్రీస్తు న్యాయపీఠం ఎదుట అందరూ నిలబడాలని రోమా పత్రిక రాసిన పౌలే 2 కొరింథీ 5:10లో రాశాడు. ఈ తేడా పట్టుకుంటే మీ దగ్గరకు వచ్చే వ్యాసాల్లో సగం గందరగోళం తొలగిపోతుంది.

ఇక ‘గా’, ‘అని’. ఇది చాలా మంచి ప్రశ్న, మీరు అనుకున్నదానికంటే పెద్దది కూడా. ‘నీతిమంతుడని తీర్చు’ అంటే అలా ప్రకటించడం. ‘నీతిమంతుడిగా తీర్చు’ అంటే ప్రకటించడమూ కావచ్చు, తీర్చిదిద్దడమూ కావచ్చు. 16వ శతాబ్దిలో ఐరోపా క్రైస్తవం చీలిన విషయాల్లో ఇదొకటి. పాపిని దేవుడు నీతిమంతుడని ఎంచుతాడన్నదానికి సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు వర్గం పెద్దపీట వేసింది. అది పాపక్షమాపణ మాత్రమే కాదు, మనిషిని లోపలి నుంచి నూతనపరచడం కూడా అని 1547లో కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ చెప్పింది. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కథోలిక సంఘాలు ఈ సిద్ధాంతంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసేదాకా వాదం సాగుతూనే వచ్చింది. తమాషా ఏమిటంటే, మన పాత అనువాదం రోమా 3:24లో ‘నీతిమంతులని’ అని, రెండు వచనాల తర్వాత ‘నీతిమంతునిగా’ అని రాసింది. రెండూ వ్యాకరణ సమ్మతాలే. వ్యాసం ఏ అర్థం చెబుతోందో చూసి ఉంచండి.

ఆ 26వ వచనమే మీ మొదటి ప్రశ్నకు క్రైస్తవులు సాధారణంగా చూపే సమాధానం: దేవుడు తాను నీతిమంతుడుగా ఉంటూనే విశ్వాసిని నీతిమంతునిగా ‘తీర్చువాడు’. పాపాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు, దాని భారం సిలువ మీద పడింది కాబట్టి క్షమించినా న్యాయం తప్పలేదు అని వారి విశ్వాసం. తీర్పూ, ఈ తీర్చడమూ ఒకే ధాతువు కావడం తెలుగుకు కలిసొచ్చిన అందం. ప్రసంగీకులు వాడుకోవచ్చు గానీ గ్రీకులోనూ ఇలాగే ఉందని చెప్పకూడదు. అక్కడ తీర్పు తీర్చే ‘క్రినో’ వేరు, నీతిమంతునిగా తీర్చే ‘దికయోఓ’ వేరు.

మీ వాక్యాన్ని ‘దేవుడు దయామయుడు, న్యాయంగా తీర్పు తీర్చేవాడు’ అని దిద్దవచ్చు. రచయిత ఉద్దేశం శిక్షే అయితే ‘దయామయుడే కానీ దోషిని శిక్షించకుండా విడిచిపెట్టడు’ అని రాయమనండి. అప్పుడు ‘కానీ’కి చోటుంది. నిర్గమకాండము 34:7 కూడా ‘క్షమించును గాని’ అంటూనే ఆ మాట చెప్పింది. మూలంలోనే ఉన్న బిగువును మనం వాక్యాలను కలిపే మాటలతో సడలించనక్కరలేదు. యాకోబు 2:13లోని ‘కనికరము తీర్పును మించి అతిశయపడును’ అన్న వాక్యాన్ని ఉదహరిస్తే ఒక చిన్న వివరణ చేర్చండి. అక్కడ అతిశయం అంటే పైచేయి. గొప్పలు పోవడం అనుకునే ప్రమాదం ఉంది.

విమర్శదినం సంగతి కొంచెమే. సంస్కృతంలో విమర్శ అంటే పరిశీలన, విచారణ. సాహిత్య విమర్శలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. మత్తయి 12:36లో పలికిన ప్రతి వ్యర్థమైన మాటకూ లెక్క చెప్పవలసిన రోజు కాబట్టి ఆ మాట సరిగ్గా సరిపోయింది. వచనాన్ని ఉన్నదున్నట్టు ఇస్తే అలాగే ఉంచండి. మీ సొంత వాక్యంలోనైతే ‘తీర్పు దినం’ అనండి. విమర్శ అంటే తప్పులెన్నడమే అనుకునే ఇప్పటి పాఠకుడు తడబడకుండా ఉంటాడు.