తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది బాండికూట్. అది మన పందికొక్కే, ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అలా మారింది. ఇక్కడ సికింద్రాబాద్‌లో మా ఇంటి వెనక మోరీ పక్కన రాత్రికి రాత్రే మట్టి కుప్ప తవ్విపోస్తుంది. ఎదురుపడితే పందిలా గుర్రుమంటుంది. ఆ గుర్రు విన్నాక, మనవాళ్లు దానికి ఆ పేరు ఎందుకు పెట్టారని ఎవరూ అడగరు.

ఈ మాట ఆస్ట్రేలియా దాకా వెళ్లింది. అక్కడ పొడుగు మూతి ఉన్న ఒక జంతువుకు అదే పేరు పెట్టారు. నిజానికి దానికీ ఎలుకకీ చుట్టరికం లేదు, కంగారూలా పొట్టసంచిలో పిల్లల్ని పెంచుతుంది. ఇంకా బాగున్న సంగతి ఏంటంటే, ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియ కూడా అయింది. పైన మొక్క కదలకుండా, కింద మట్టిలోంచి బంగాళాదుంపలు లాగేసుకోవడం అని అర్థం. వేరుశెనగ చేను పోగొట్టుకున్న మన రైతుకు ఈ అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు!

రెండోది గోల్కొండ. ఇంగ్లీషు నిఘంటువుల్లో దానికి తరగని సంపదనిచ్చే గని అని అర్థం. అమెరికాలో ఇల్లినాయ్, నెవాడా రాష్ట్రాల్లో ఆ పేరుతో ఊళ్లే ఉన్నాయి. మన కోటలో మాత్రం వజ్రాల గని లేదు. 17వ శతాబ్దంలో కృష్ణా ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్విన వజ్రాలు ఇక్కడికి అమ్మకానికి వచ్చేవి. కొన్నవాళ్లు గని పేరు కాక, బజారు పేరు తమ దేశాలకు పట్టుకెళ్లారు.