బీఏ కోసం రూ.40 లక్షల లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదువుతానంటోంది. తనకు నచ్చిన ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఏ ఆనర్స్‌కు హాస్టల్‌తో కలిపి ఏడాదికి రూ.12 లక్షలు అవుతుంది. నా వయసు 49. జీతం చేతికి రూ.85 వేలు వస్తే, అందులో హోమ్ లోన్ ఈఎంఐ రూ.22 వేలు పోతుంది. సుకన్య సమృద్ధి ఖాతాలో రూ.9 లక్షలు, ఎఫ్‌డీల్లో రూ.6 లక్షలు ఉన్నాయి. ఏటా రూ.10 లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకుందామనుకుంటున్నాం. బీఏకి ఇంత ఖర్చేంటని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: బీఏ అనగానే పెదవి విరిచే బంధువుల మాట పక్కన పెట్టండి. ఎంఈసీలో మ్యాథ్స్ ఉంది కాబట్టి మీ అమ్మాయికి ఎకనామిక్స్ మంచి ఎంపికే. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు మ్యాథ్స్ తప్పనిసరి. హెచ్‌ఈసీ, సీఈసీ పిల్లలకు మూసుకుపోయే ఆ దారి ఈమెకు తెరిచే ఉంది. నాకు టెన్షన్ కలిగిస్తున్నది కోర్సు కాదు, లోన్.

వడ్డీ 11 శాతం అనుకుందాం. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఏడాది ఈఎంఐ కట్టక్కర్లేదు కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. ఐదేళ్లకు ఆ వడ్డీయే సుమారు రూ.15.4 లక్షలు. అంటే ఈఎంఐ మొదలయ్యే నాటికి అప్పు రూ.55 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు రూ.76 వేలు కట్టాలి. హోమ్ లోన్ పోగా మీకు మిగిలేది రూ.63 వేలే. పైగా అప్పటికి మీకు 54 ఏళ్లు, కిస్తీలు 64 దాకా నడుస్తాయి. అమ్మాయే కడుతుందిలే అనుకుంటారేమో. సోషల్ సైన్సెస్‌లో బీఏతో వచ్చే మొదటి జీతం ఇంత ఈఎంఐని మోయడం చాలా అరుదు. ఈ రంగంలో మంచి ఉద్యోగాలకు సాధారణంగా ఎంఏ అడుగుతారు. ఉన్నదంతా బీఏకే పెట్టేస్తే అసలు అవసరమైనప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

కేంద్రం పీఎం విద్యాలక్ష్మి కింద ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ మీకు రాదు. కుటుంబ వార్షికాదాయం రూ.8 లక్షల లోపు ఉండాలి. వడ్డీపై పన్ను మినహాయింపు కూడా పాత పన్ను విధానంలో ఉంటేనే. ఇక రూ.40 లక్షలకు బ్యాంకు తనఖా అడగొచ్చు. మీ ఇల్లు ఇప్పటికే హోమ్ లోన్‌లో ఉంది.

నన్నడిగితే మొదటి ఎంపిక గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌లలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. బీఏ, ఎంఏ రెండూ ఒకేచోట అయిపోతాయి. ప్రవేశం సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్షతో. ఢిల్లీ యూనివర్సిటీకీ అదే పరీక్ష, కాకపోతే అక్కడ హాస్టల్ అందరికీ దొరకదు, బయట గది అద్దె కూడా లెక్కలో వేసుకోవాలి. ఇవి రాకపోతే డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ దోస్త్ ద్వారా నిజాం కాలేజీ, కోఠి మహిళా విశ్వవిద్యాలయం ఉండనే ఉన్నాయి. సీయూఈటీ గడువు మాత్రం దాటనివ్వకండి. మన దగ్గర ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) తేదీ గుర్తున్నంతగా ఇది ఎవరికీ గుర్తుండదు.

సెంట్రల్ యూనివర్సిటీలో సీటొస్తే ఫీజు, మెస్, పుస్తకాలు, పైఖర్చులన్నిటికీ ఏడాదికి రూ.1.5 లక్షలు కేటాయించుకోండి. ఐదేళ్లకు రూ.7.5 లక్షలు. సుకన్యలో గత ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగం దాకా చదువు కోసం తీసుకోవచ్చు. పదో తరగతి పాసైతే చాలు, 18 నిండేదాకా ఆగక్కర్లేదు. ఏడాదికోసారి చొప్పున ఐదేళ్లపాటు విడతల్లోనూ ఇస్తారు. అడ్మిషన్ కాగితం గానీ ఫీజు స్లిప్ గానీ చూపించాలి, అందులో ఉన్న ఫీజు, ఛార్జీల మేరకే ఇస్తారు. అలా గరిష్ఠంగా రూ.4.5 లక్షలు వస్తే, మిగతా రూ.3 లక్షలకు జీతంలోంచి నెలకు రూ.5 వేలు తీస్తే సరిపోతుంది. మిగిలిన సుకన్యను కదపకండి. ఎఫ్‌డీలు విదేశంలో ఎంఏకో పీహెచ్‌డీకో పనికొస్తాయి.

ప్రైవేటు యూనివర్సిటీని పూర్తిగా వదిలేయమనను. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే సంస్థలున్నాయి. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ అలాంటిదే, అక్కడా దరఖాస్తు చేయించండి. ఎక్కడైనా స్కాలర్‌షిప్ ఇస్తామంటే నాలుగేళ్లూ ఉంటుందా, మార్కులు తగ్గితే ఆపేస్తారా, హాస్టల్‌కూ వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అవన్నీ పోగా మొత్తం చదువుకు లోన్ రూ.7.5 లక్షల లోపు ఉంటే చేర్పించండి. సాధారణంగా అంతవరకు తనఖా అడగరు. చదువుతుండగానే వడ్డీ కట్టేస్తూ వస్తే, తర్వాత పదేళ్లకు ఈఎంఐ నెలకు సుమారు రూ.10,300 పడుతుంది.