క్వాంట్ పుస్తకాలు కొనేముందు

బిడ్డా,

క్వాంట్ పని (లెక్కలు, ప్రోగ్రాములతోని మార్కెట్ పని) నేర్చుకుందామని నువ్వు పంపిన పుస్తకాల జాబితా చూసిన. పదకొండు పుస్తకాలున్నయి, ఎనిమిదింటిని ఇప్పుడు ముట్టకు. ఒక్కటి తీసుకో. దాంట్ల లెక్కలు నీ కంప్యూటర్ మీద సరిగ్గ వచ్చినంకనే రెండోదాని జోలికి పో.

ముందుగాల పైథాన్. వెస్ మెకిన్నీ రాసిన ‘పైథాన్ ఫర్ డేటా అనాలిసిస్’ పట్టు. ఆయన ఒక ఫండ్ కంపెనీల పని చేసుకుంట 2008ల పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ (పట్టికల డేటాకు తయారుగ ఉన్న కోడ్) మొదలుపెట్టిండు. అందుకే తేదీల వారీగ ధరలతోని చేసే పని ఆ లైబ్రరీల అంత సులువుగ ఉంటది. 2022ల వచ్చిన మూడో ఎడిషనే చదవాలె. అది ఆయన వెబ్‌సైటుల పైసా ఖర్చు లేకుండ దొరుకుతది, కాబట్టి పాత ఎడిషన్ సగం ధరకు వస్తుందని కోఠిల కొనకు.

పాత పుస్తకాల దుకాణంల ప్రోగ్రామింగ్ పుస్తకం చేతికొస్తే అట్ట కన్నా ముందు కాపీరైట్ పేజీ చూడు. తర్వాత మధ్యల ఏదన్న కోడ్ ఉన్న పేజీ తియ్యి. ‘ప్రింట్’ అన్న మాట తర్వాత బ్రాకెట్ లేకపోతే అది పైథాన్ 2. దానికి 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది. పాండాస్ కోడ్‌ల ‘డాట్ ఐఎక్స్’ కనబడినా పక్కన పెట్టు, 1.0 వెర్షన్‌ల దాన్ని తీసేసిన్రు. ఇంకొకటి, పుస్తకంతోపాటు డేటా ఫైళ్లు ఇస్తున్నరా, లేకుంటె నెట్ నుంచి నేరుగ ధరలు లాగుతున్నరా చూడు. నెట్ నుంచి లాగే కోడ్ ఆ సైటు మారిన రోజే పనిచెయ్యదు. కొత్తగ నేర్చుకునేటోళ్లు తమదే తప్పనుకోని వారం రోజులు దాంతోనే కొట్లాడతరు.

ఫైనాన్స్ వైపు జాన్ హల్ రాసిన ‘ఆప్షన్స్, ఫ్యూచర్స్ అండ్ అదర్ డెరివేటివ్స్’ ఒక్కటి చాలు. దానికి పాత ఎడిషనైనా నడుస్తది, ఆప్షన్ ధర కట్టే 1973 నాటి బ్లాక్-షోల్స్ సూత్రం మారదు కద. వడ్డీ రేట్ల అధ్యాయాలు మాత్రం పాతదాంట్ల చదవకు. డాలర్ లైబార్ (బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చే వడ్డీ రేటు) 2023 జూన్ 30తోని ముగిసింది, ఆ లెక్కలన్నీ లైబార్ మీదనే కట్టినయి. ఈ పుస్తకం కాకతీయ యూనివర్సిటీ లైబ్రరీల దొరికితే కొననే వద్దు.

ఇగ అసలు సంగతి. ఏ పుస్తకం చదివినా జవాబు సరిచూసుకునే అంకె నీ చేతుల ఉండాలె. షేరు ధర 100, స్ట్రైక్ (ఒప్పందంల ఖాయం చేసిన ధర) 100, గడువు ఒక ఏడాది, వడ్డీ 5 శాతం, వోలటిలిటీ (ధర ఊగిసలాట) 20 శాతం పెట్టి బ్లాక్-షోల్స్‌తోని కాల్ ఆప్షన్ (స్ట్రైక్ ధరకు షేరు కొనే హక్కు) ధర కట్టు. 10.4506 రావాలె. 5.5735 వస్తే నువ్వు పుట్ (అమ్మే హక్కు) ధర కట్టినట్టు. సరిగ్గ 100 వస్తే వోలటిలిటీ 0.20 అని కాకుండ 20 అని కొట్టినవ్. 99.33 వస్తే వడ్డీ దగ్గర అదే తప్పు జరిగింది.

అది వచ్చిందని ఆగకు. ధర, స్ట్రైక్ రెండూ 100 అయితే సూత్రంలోని లాగ్ (ధరను స్ట్రైక్‌తోని భాగించి తీసే లాగరిథమ్) సున్నా అయితది, అక్కడ తప్పున్నా బయటపడదు. స్ట్రైక్ 110 చేసి మళ్ల నడుపు, 6.0401 రావాలె. రాకపోతే సహజ లాగ్ బదులు పది ఆధారం లాగ్ వాడినవేమో చూడు.

తర్వాత అదే 100 స్ట్రైక్ ఆప్షన్‌ను మాంటీ కార్లోతోని కట్టు, అంటే షేరు ధర పోయే దారులు (పాత్‌లు) యాదృచ్ఛికంగ వేలల్ల తీసి సగటు కట్టుడు. పదివేల పాత్‌లు తీస్తే జవాబు ఎక్కువసార్లు 10.16కు, 10.74కు నడుమ పడతది. ప్రతిసారి కొంచెం మారుతదని భయపడకు, ప్రామాణిక దోషం 0.15 దాకా ఉంటది. దాన్ని సగం చెయ్యాలంటె పాత్‌లు నాలుగింతలు కావాలె. ఈ దోషం మాట ఎత్తకుండ ఒక్క అంకె ఇచ్చి ఊకునే పుస్తకాన్ని నమ్మకు.

పుస్తకాలు చాలావరకు చెప్పకుండ వదిలేసేది ఒకటుంది. వోలటిలిటీ కట్టేటప్పుడు నంపై (పైథాన్ల ఇంకో లెక్కల లైబ్రరీ) స్టాండర్డ్ డీవియేషన్‌ను ఎన్ (డేటాల అంకెల సంఖ్య) తోని భాగిస్తది, పాండాస్ ఎన్ మైనస్ 1 తోని. 20 రోజుల డేటా మీద రెండు జవాబులకు 2.6 శాతం తేడా వస్తది. ఎర్రర్ మెసేజ్ ఏం రాదు.

బ్యాక్‌టెస్టింగ్ (ట్రేడింగ్ పద్ధతిని పాత ధరల మీద నడిపి చూసుడు) పుస్తకమైతే రెండు చోట్ల పరీక్షించు. ఇయ్యాల ముగింపు ధర చూసి నిర్ణయించి, అదే ధరకు కొన్నట్టు లెక్క కడితే ఆ లాభం అబద్ధం. సిగ్నల్‌ను (కొను, అమ్ము అన్న నిర్ణయాన్ని) మరుసటి రోజుకు జరిపే ‘షిఫ్ట్’ కోడ్‌ల కనబడాలె. రెండోది, ధరలను బోనస్‌లకు, స్ప్లిట్‌లకు సర్దిన్రా లేదా. 2024 అక్టోబరుల రిలయన్స్ 1:1 బోనస్ (ఒక షేరుకు ఇంకొకటి ఉచితం) ఇచ్చింది. సర్దని డేటాల అది ఒక్కరోజుల సగం పడిపోయినట్టు ఉంటది, నీ ప్రోగ్రామ్ దాన్ని నిజమైన పతనమనుకుంటది.

సీ ప్లస్ ప్లస్ ఇవన్నీ అయినంకనే. డేటా, రిస్క్ పనులకు పైథాన్ సరిపోతది. ప్రైసింగ్ లైబ్రరీలు రాయాలన్నా, మైక్రోసెకన్లల్ల ఆర్డర్లు పంపే ట్రేడింగ్‌కు పోవాలన్నా అది తప్పదు. మార్క్ జోషి ‘సీ ప్లస్ ప్లస్ డిజైన్ ప్యాటర్న్స్ అండ్ డెరివేటివ్స్ ప్రైసింగ్’ నాకు చాన నచ్చుతది. చిన్న మాంటీ కార్లో ప్రోగ్రామ్‌తోని మొదలుపెట్టి, అది ఎక్కడ ఇరుకైతదో చూపించి, ఒక్కొక్క అధ్యాయంల దాన్నే మంచిగ కట్టుకుంట పోతడు. కాని భాషే రానోళ్లకు రాసింది కాదది. పైగా రెండో ఎడిషన్ 2008ది, అప్పటికి సీ ప్లస్ ప్లస్ 11 (2011 నాటి వెర్షన్) ఇంకా రాలేదు. మెమరీని చేతితోని విడిపించే కోడ్ ఉన్నకాడ ఇప్పుడు యునీక్ పాయింటర్ (మెమరీని తనంతట తనే విడిపించేది) పెట్టి తిరగరాయి. ఆ తిరగరాతలనే సగం చదువైతది.

గ్లాసర్‌మన్ మాంటీ కార్లో పుస్తకం గొప్పదే, కాని స్టోకాస్టిక్ కాలిక్యులస్ (యాదృచ్ఛికంగ మారేటి వాటి గణితం) వచ్చినంక తీసుకో.

చదివేటప్పుడు కాపీ, పేస్ట్ వద్దు. పుస్తకం వెబ్‌సైటుల తప్పుల పట్టిక ఉంటె మొదటి రోజే పెన్సిల్‌తోని పేజీల మీద దిద్దుకో. రోజుకు గంటన్నర, ఒక్కొక్క ప్రోగ్రామ్ చేతితోని కొట్టు.

6.0401 ఎంతకూ రాకపోతే నాకు పంపు. స్క్రీన్ ఫొటో కాదు, ఫైలే పంపు, నడిపి చూస్త.

నీ పెద్దమ్మ
హన్మకొండ