మా అమ్మాయికి నమ్మకం లేదు, నాకు నిద్ర లేదు

ప్రశ్న: నా వయసు 51. చిన్నప్పటి నుంచి దేవుడే నా ధైర్యం. మా అమ్మాయికి 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తోంది. ఏడాది క్రితం ‘నాకు నమ్మకం లేదమ్మా, ఉన్నట్టు నటించలేను’ అని చెప్పేసింది. అప్పట్నుంచి సాయంత్రం ప్రార్థనకు కూర్చోదు. నేను కూర్చోగానే టీవీ సౌండ్ తగ్గించి తన గదిలోకి వెళ్లిపోతుంది. తన స్నేహితుల్లో వేరే మతం వాళ్లున్నారు, పెళ్లి కాకుండానే కలిసి ఉంటున్న జంట కూడా ఉంది. వాళ్లు ఇంటికొస్తే నవ్వుతూనే మాట్లాడతాను. లోపల మాత్రం తప్పుదారిలో ఉన్నారనే అనిపిస్తుంది. ఊరుకుంటే దేవుడికి ద్రోహం చేసినట్టు, మాట్లాడితే కూతుర్ని పోగొట్టుకునేట్టు ఉంది. గత నెల మా ప్రార్థన బృందంలో ఒకావిడ ‘పిల్లని ఇలా పెంచావేంటి’ అని అందరి ముందూ అనేసింది. ఆ రోజు నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. నా నమ్మకాన్ని నేనే తగ్గించుకోవాలా?
– ఒక తల్లి

జవాబు: అక్కర్లేదమ్మా. నమ్మకం వంటలో ఉప్పు కాదు, ఎదుటివాళ్ల రుచిని బట్టి తగ్గించుకోవడానికి.

మీది ఏ మతమో మీరు రాయలేదు, నేనూ అడగను. ఇలాంటి బాధతో అన్ని మతాల తల్లిదండ్రులూ వస్తారు. దేవుడి పేరొక్కటి పక్కన పెడితే చెప్పేది దాదాపు ఇదే.

సహనం అంటే అన్ని నమ్మకాలూ ఒకటేనని ఒప్పుకోవడం అనుకుని మీరు భయపడుతున్నట్టున్నారు. అలా ఒప్పుకున్నవాళ్లకి సహించాల్సిన పనే ఉండదు కదా! ఎదుటివాళ్లు పొరబడుతున్నారని గట్టిగా అనిపించినప్పుడే సహనంతో పని పడుతుంది. ఈ విషయంలో రోజర్ విలియమ్స్ అనే మొండిమనిషి నాకు చాలా ఇష్టం. 17వ శతాబ్దపు క్రైస్తవ బోధకుడు. మతం విషయంలో ప్రభుత్వం బలవంతం చేయకూడదన్నందుకు, ఇంకా అలాంటి మాటలకు, అమెరికాలోని మసాచుసెట్స్ నుంచి వెళ్లగొట్టారు. 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు పెట్టి, అక్కడ ఎవరి మనస్సాక్షి చెప్పినట్టు వాళ్లు ఉండొచ్చన్నాడు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల బోధ ఆయనకు ససేమిరా పడదు. 1672లో, డెబ్బైకి దగ్గర పడిన వయసులో, వాళ్లతో వాదించడానికి స్వయంగా పడవకు తెడ్డు వేసుకుంటూ వెళ్లాడు. రోజుల తరబడి వాదించాడు. కానీ వాళ్లని తరిమేయాలని మాత్రం అనలేదు. ఆయన నమ్మకం ఇసుమంతైనా తగ్గిందని ఎవరూ అనలేరు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీరేమో దాన్ని ఫిర్యాదులో భాగంగా రాసుకుంటూ వెళ్లిపోయారు. మీరు ప్రార్థనకు కూర్చోగానే అమ్మాయి టీవీ సౌండ్ తగ్గిస్తుంది. నమ్మకం లేని పిల్ల, ఎవరూ చెప్పకుండానే రోజూ రిమోట్ అందుకుంటోంది. మీరు దేన్నైతే ఎలా చేయాలని నన్ను అడుగుతున్నారో, అది మీ ఇంట్లోనే ఏడాదిగా జరుగుతోంది.

ఇంకో సంగతి. అమ్మాయి తన మాట చెప్పి ఏడాదైంది. మీ నిద్ర మాత్రం గత నెలలో, ఆవిడ నలుగురిలో అన్న రోజున పోయింది. ఈ బాధలో దేవుడి వాటా ఎంత, ఆ నలుగురి వాటా ఎంత? తప్పు పట్టడానికి అడగడం లేదు. పరువు పోయిందన్న బాధ కూడా బాధే. కానీ దాన్ని భక్తి ఖాతాలో రాసేసుకుంటే మందు వేరే చోట వేస్తాం. ఆవిడతో విడిగా ఒక్క మాట అనండి: ‘మా అమ్మాయి గురించి మీరు అందరిలో అలా అనడం నాకు నచ్చలేదు’. సంజాయిషీలేమీ ఇవ్వకండి.

ఊరుకుంటే దేవుడికి ద్రోహమా అని కదా మీ భయం. అశోకుడు బౌద్ధం మీద ఎంతో భక్తి ఉన్నవాడే. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో వేయించిన 12వ శిలాశాసనంలో, మతం ఎదుగుదలకు మూలం మాటను అదుపులో పెట్టుకోవడం అన్నాడు. భక్తి కొద్దీ అయినా సరే, సొంత మతాన్ని పొగిడి పరాయి మతాన్ని కించపరిచేవాళ్లు తమ మతానికే ఎక్కువ చేటు చేస్తారట. అంటే నోరు కట్టేసుకోమని కాదు. మీ మనసులో మాట అమ్మాయికి ఒక్కసారి స్పష్టంగా చెప్పండి: ‘నేను నమ్ముతాను. నువ్వూ నమ్మాలని నాకుంది. కానీ దానికోసం నిన్ను సతాయించను’. అక్కడితో ఆపేయాలి. ఆపడమే కష్టం. చాలామంది ముందు తలుపు మూసి దొడ్డిదారిన వస్తారు. తిండి మానేసి పడుకోవడం, మేనమామ చేత ఫోన్ చేయించడం, తెల్లారకముందే వాట్సాప్‌లో ప్రవచనాల వీడియోలు పంపడం, పక్క గదిలోకి వినపడేలా ‘దేవుడా, నా బిడ్డ మనసు మార్చు’ అని గొంతు పెంచడం. ఇవన్నీ నేను చూసినవే. తన కోసం ప్రార్థించడం మీ హక్కు. అది మీకూ దేవుడికీ మధ్యే ఉండనివ్వండి.

పైకి నవ్వుతూ లోపల తప్పనుకోవడం కపటం అనుకోకండి, అది మర్యాద. కాకపోతే ఒకటి అడుగుతాను. కలిసి ఉంటున్న ఆ జంటలో అమ్మాయి ఏం పని చేస్తుంది? వాళ్ల అమ్మానాన్నా ఎలా ఉన్నారు? పెళ్లి కాలేదన్న ఒక్క ముక్క తప్ప వాళ్ల గురించి మీకేమీ తెలియకపోతే, ఈసారి వచ్చినప్పుడు కాసేపు కూర్చోబెట్టి అడగండి. మీ అభిప్రాయం మారక్కర్లేదు. మనుషులు కాస్త తెలుస్తారు, అంతే.

మీకూ హద్దులుంటాయి. మీ మతం వద్దన్న పని ఎవరి కోసమూ చేయక్కర్లేదు. మీ దేవుణ్ణి ఎవరైనా వెటకారం చేస్తే ‘నా ముందు వద్దు’ అనొచ్చు, కూతురైనా సరే. అలాగే నమ్మకం పేరు చెప్పి ఎవరినైనా కొడుతున్నా, జబ్బు మనిషికి మందులు ఆపేస్తున్నా సహనం పేరుతో ఊరుకోకూడదు. మీ ఇంట్లో అలాంటిదేమీ లేదు కాబట్టి దీన్ని పొడిగించను.

నిద్ర ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. ప్రార్థన మానక్కర్లేదు, రెండూ చేసుకోవచ్చు.

రేపు సాయంత్రం ప్రార్థన అయ్యాక అమ్మాయి గది తలుపు తట్టండి. నమ్మకం ఊసెత్తకండి. ‘రోజూ సౌండ్ తగ్గిస్తున్నావు, నేను చూస్తూనే ఉన్నా’ అనండి. తను ఏమంటుందో వినండి. ఏమీ అనకపోయినా ఫర్వాలేదు, కాసేపు అక్కడే కూర్చోండి.